మల్లి ఈత డైరీ: పెట్టె కొట్టిన రోజు నుంచి పిల్లలు గడప దాటేదాకా

రోజు 0

పొద్దున్నే నా ఆడ కుందేలు మల్లిని తీసుకెళ్లి మగ కుందేలు రాజా బోనులో వదిలాను. ఎప్పుడైనా ఆడదాన్నే మగదాని దగ్గరికి తీసుకెళ్లాలి. మగదాన్ని తెచ్చి ఆడదాని బోనులో వేస్తే, తన చోటులోకి వచ్చాడన్న కోపంతో మీదపడి కరుస్తుంది. పని అంతా అర నిమిషంలో అయిపోయింది. రాజా చిన్నగా ఒక కూత కూసి పక్కకు ఒరిగి పడ్డాడు. అలా పడితేనే జత కుదిరినట్టు.

ఆవులోనూ మేకలోనూ అండం విడుదలకు ఒక చక్రం ఉంటుంది, దాని ప్రకారం అదే విడుదలవుతుంది. కుందేలులో జత కట్టడమే దానికి మీట. కట్టిన సుమారు 10 గంటలకు అండాలు విడుదలవుతాయి. అందుకే ఈత తేదీ లెక్క వేయడం తేలిక: 31 రోజులు, ఒకటి అటో ఇటో. క్యాలెండర్‌లో 31వ రోజు చుట్టూ సున్నా చుట్టాను. 28 దగ్గర ఒక గీత పెట్టాను, అప్పటికి పెట్టె సిద్ధంగా ఉండాలి.

మల్లికి ఇది తొలిచూలు. నాకూ ఇదే మొదటిసారి. అందుకే ఈ నోట్‌బుక్. పెట్టె కొలతలు, పిల్లల బరువులు, తప్పు జరిగితే ఆ తప్పు, అన్నీ ఇందులోనే రాస్తాను.

రోజు 12

కుందేళ్లు చాలా ఏళ్లుగా పెంచుతున్న పెద్దాయన ఒకరు నాకు తెలుసు. చూలు నిలిచిందో లేదో చేత్తో చూడడం ఆయనే నేర్పారు. మల్లిని బల్ల మీద గోనెపట్టా పరిచి నిలబెట్టి, ఒక చెయ్యి భుజాల మీద ఉంచి, రెండో చెయ్యి పొట్ట కింద తొడల ముందు భాగంలో పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా జార్చాలి. ద్రాక్షపండ్లంత గుండ్రటి మెత్తటి ఉండలు తగులుతాయి. పెంటికలు ఇంకా చిన్నగా గట్టిగా ఉంటాయి కాబట్టి తేడా తెలిసిపోతుంది.

"నొక్కద్దు బాబూ, జారనివ్వు. చేపపిల్లలు వేళ్ల సందున పోయినట్టుంటుంది" అన్నారాయన. సరిగ్గా అలాగే ఉంది. నాకు నాలుగు దొరికాయి, ఆయన ఆరుకు తక్కువ ఉండవన్నారు.

రోజు 17

ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే మంచిది. చూలు నిలవకపోయినా ఒంట్లో హార్మోన్లు నిలిచినట్టే నడిచి, 16-18 రోజులకు ఉత్తుత్తి గూడు కట్టి బొచ్చు పీక్కునే కుందేళ్లుంటాయి. మల్లి గడ్డి నములుతూ కాళ్లు చాపుకుని పడుకుంది.

రోజు 22 నుంచి 24

పెట్టె పని. ప్లైవుడ్, 12 మిల్లీమీటర్ల మందం. పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. తల్లి లోపలికి దూకి, ఒకసారి వెనక్కి తిరగగలిగితే చాలు. పెద్దదైతే ఇంకా మంచిదే కదా అని మొదట అనుకున్నాను, అది తప్పు ఆలోచన. చోటు ఎక్కువైతే పిల్లలు చెదిరిపోయి చల్లబడతాయి. తల్లి కూడా ఒక మూలలో పడుకుని, ఇంకో మూలను మరుగుదొడ్డి చేసుకుంటుంది.

అడుగున మూత్రం దిగేందుకు డ్రిల్లుతో పది రంధ్రాలు పెట్టాను. నున్నటి ప్లైవుడ్ మీద పిల్లల వెనక కాళ్లు జారి, పక్కలకు విడిపోయి అలాగే స్థిరపడే ప్రమాదం ఉంది. దానికోసం అడుగున అట్టముక్క గరుకు వైపు పైకి పెట్టాను. రంగు, వార్నిష్ వేయలేదు, ఎలాగూ కొరుకుతుంది. పైన సగం వరకే మూత. మూత కింద భాగం చీకటిగా ఉంటే గూడు అక్కడే కడుతుంది. ముందు వైపు తల్లి దూకేందుకు చెక్క తగ్గించి, 10 సెంటీమీటర్ల గడప ఉంచాను.

ఈ 10 సెంటీమీటర్ల గురించి మళ్లీ రాయాల్సి వస్తుందని అప్పుడు తెలియదు.

రోజు 28

పెట్టెలో అడుగున రంపపు పొట్టు, పైన ఎండుగడ్డి నింపి బోనులో పెట్టాను. ఇంతకంటే ముందే పెడితే దాన్ని పాడు చేస్తుంది. మల్లి వాసన చూసింది, గడ్డంతా బయటికి లాగేసింది. నా పని నచ్చలేదేమో అనుకునేలోపే, ఆ గడ్డినే నోట్లో అడ్డంగా పట్టుకుని, రెండు వైపులా మీసాల్లా వేలాడుతుంటే మళ్లీ లోపలికి మోసుకెళ్లింది. ఇలా గంటసేపు చేసింది. చివరికి వెనక మూలలో చేతిలో పట్టేంత గుంత తయారైంది. నేను చేసింది పెట్టె మాత్రమే, గూడు అదే కట్టుకుంది.

రోజు 30

మేత సగం వదిలేసింది. సాయంత్రం పొట్ట కింద, గదవ కింద బొచ్చు నోటితో పీకి గూట్లో పరవడం మొదలుపెట్టింది. చూస్తుంటే కడుపులో దేవినట్టైంది కానీ, ఈ సమయంలో హార్మోన్ల మార్పు వల్ల వెంట్రుక కుదురు వదులై ఉంటుంది, సులువుగా ఊడి వస్తుంది. దీంతో రెండు పనులవుతాయి. పిల్లలకు పరుపు దొరుకుతుంది, బొచ్చులో దాగిన చన్నులూ బయటపడతాయి. మల్లికి ఎనిమిది లెక్కపెట్టాను.

నీళ్ల గిన్నెలు రెండు పెట్టాను. ఈనిన వెంటనే తల్లికి విపరీతమైన దాహం. ఆ వేళకు నీళ్లు లేకపోతే పిల్లలను కొరికేసే ప్రమాదం ఉందని పెద్దాయన ఒకటికి రెండుసార్లు చెప్పారు.

రోజు 31

తెల్లవారుజామున ఐదింటికి గడ్డి గరగర వినిపించి లేచాను. లైటు వేయలేదు, దూరం నుంచే చూశాను. మల్లి గూట్లో వీపు వంచి ముడుచుకుని కూర్చుని, తల వెనక కాళ్ల మధ్యకు వంచుతోంది. ఒక్కో పిల్ల బయటికి రాగానే దాన్ని నాకడం, పొర చింపి తినేయడం, మాయ కూడా మింగేయడం. నిమిషం, రెండు నిమిషాలకు ఒకటి. మొత్తం పావుగంటలో అయిపోయింది. ఇంత పెద్ద సంగతి ఇంత నిశ్శబ్దంగా జరుగుతుందని నేను అనుకోలేదు. ఒక్క అరుపు కూడా లేదు. కుందేలును తినే జంతువులు ఎన్నో, ఈనేటప్పుడు చప్పుడు చేస్తే బతకదు.

తరవాత పైన బొచ్చు కప్పి, పెట్టె లోంచి దూకి, ఒక గిన్నె నీళ్లు దాదాపు ఖాళీ చేసింది.

గంటన్నర ఆగి, మల్లికి ఒక కొత్తిమీర రెమ్మ ఇచ్చి అటు తిప్పి, గూట్లో చెయ్యి పెట్టాను. నా చెయ్యి దానికి అలవాటే కాబట్టి వాసన భయం లేదు. వేడిగా ఉంది, రొట్టెల డబ్బాలో చెయ్యి పెట్టినట్టు. మొత్తం ఎనిమిది. ఒకటి చనిపోయి పుట్టింది, దాన్ని, మిగిలిపోయిన పొర ముక్కలను తీసేశాను. ఏడు బతికున్నాయి. ఏడూ కలిపి 371 గ్రాములు. ఆరు 50 నుంచి 61 గ్రాముల మధ్య ఉన్నాయి, ఏడోది 36 గ్రాములే.

కుందేలు పిల్ల అంటే చాలామంది మనసులో తెల్లటి దూదిఉండ మెదులుతుంది. పుట్టిన పిల్ల అలా ఉండదు. ఒంటి మీద బొచ్చు కనబడదు, పలుచటి చర్మం, కళ్లు మూసుకుపోయి, చెవులు తలకు అంటుకుపోయి, మూతి మొద్దుగా. చెవులు అతుక్కుని ఉండడం వల్ల ఏ జంతువు పిల్లో చెప్పడం కూడా కష్టం. రాజా నల్లవాడు కాబట్టి నాలుగు పిల్లల చర్మం ముదురు బూడిద రంగు, మూడు గులాబీ రంగు. చూడలేవు, వినలేవు. కానీ వేలు తాకగానే ఏడూ ఒకేసారి ఎగిరిపడ్డాయి, పెనం మీద వేసిన గింజల్లా.

తెలుగులో రెండు వేరువేరు జంతువులను కుందేలు అనే పిలుస్తాం. అడవిలో, చేలల్లో తిరిగే పెద్ద కుందేలుది వేరే జాతి, దాన్ని కొన్నిచోట్ల చెవులపిల్లి అంటారు. ఆ జాతి పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి, కాసేపట్లోనే కదలగలుగుతాయి. అవి నేల మీదే పుట్టాలి కాబట్టి కడుపులోనే అంత తయారవుతాయి. మనం పెంచుకునే కుందేలు పూర్వీకులు బొరియల్లో ఉండేవి. దాచుకునే చోటుంది కాబట్టి పిల్ల అరకొరగా పుట్టినా బతుకుతుంది. ఈ తేడా తెలిశాక, నేను కొట్టిన పెట్టె నిజానికి బొరియకు బదులని అర్థమైంది.

పుట్టాక 1వ రోజు

అమ్మకు టెన్షన్ మొదలైంది. "ఏరా, నిన్నటి నుంచీ చూస్తున్నా, అది పిల్లల దగ్గరికే పోవట్లేదు. పాలిచ్చిందంటావా?"

"చూద్దాంలే అమ్మా."

"చూద్దాంలే ఏంట్రా, పసిగుడ్లు. పట్టుకుని పడుకోబెట్టు దాన్ని."

నిజానికి నాకూ అదే భయం. మల్లి రోజంతా పెట్టెకు అవతలి మూలలో వీపు తిప్పి కూర్చుంది. కుక్క అయినా పిల్లి అయినా తల్లి పిల్లల చుట్టూ చుట్టుకుని పడుకోవడమే నేను చూశాను. పెద్దాయనకు ఫోన్ చేస్తే, "పొట్టలు చూడు బాబూ" అన్నారు, అంతే.

చూశాను. పిల్లను వెల్లకిలా తిప్పితే పలుచటి చర్మం కింద తెల్లటి పాలపట్టీ స్పష్టంగా కనిపిస్తోంది. ఏడింటిలో ఆరు పొట్టలు నిండి బిగుతుగా, చర్మం నునుపుగా ఉన్నాయి. చిన్నదానికి మాత్రం చర్మం ముడతలు పడి ఉంది.

అంటే రాత్రి ఎప్పుడో వచ్చి పాలిచ్చి పోయింది. కుందేలు తల్లి రోజుకు ఒక్కసారే, ఎక్కడో రెండుసార్లు, మూడు నాలుగు నిమిషాలు పాలిస్తుంది. మిగతా ఇరవై మూడు గంటలకు పైగా గూటికి దూరంగా ఉంటుంది. పదే పదే గూటికి పోతే ఆ దారి పట్టుకుని నక్కో పామో వస్తుంది. బొరియల్లో ఉండే కుందేలైతే పాలిచ్చి బయటికి వచ్చి, బొరియ నోరు మట్టితో మూసేసి మరీ పోతుంది. మల్లి అవతలి మూలలో కూర్చోవడం పట్టించుకోకపోవడం కాదు. దాని కాపలా అదే.

అమ్మకు పొట్టలు చూపించాను. చాలాసేపు చూసి, "ఒక్కపూట పాలతో ఇంత నిండిందా" అంది.

నిండుతుంది. ఆ ఒక్క పూటలో పిల్ల తన బరువులో పాతిక శాతం వరకు తాగగలదు. పాలు కూడా చాలా చిక్కన, కొవ్వూ మాంసకృత్తులూ ఒక్కొక్కటి 12 శాతం దాకా ఉంటాయి. ఆవుపాలల్లో కొవ్వు నాలుగు శాతం దగ్గర, మాంసకృత్తులు మూడు దగ్గర ఉంటాయి.

పుట్టాక 2వ రోజు

ఉదయం ఆరింటికి బోను కింది జాలీ మీద ఒక బూడిద రంగు పిల్ల. కదలడం లేదు. చేతిలోకి తీసుకుంటే రాయిలా చల్లగా ఉంది.

ఏం జరిగిందో ఊహించవచ్చు. పాలు తాగుతూ ఉండగానే తల్లి టక్కున లేచి బయటికి దూకుతుంది. పట్టు వదలని పిల్ల చన్నుకు వేలాడుతూ దానితో పాటే వచ్చేస్తుంది. గడప ఎత్తుగా ఉంటే దానికి తగిలి లోపలే పడిపోతుంది. నా గడప 10 సెంటీమీటర్లు, చాల్లేదు. పిల్లి పిల్లలను నోట కరుచుకుని తెచ్చినట్టు కుందేలు తల్లి తేదు. బయట పడిన పిల్ల బయటే.

చల్లబడ్డ పిల్ల చచ్చిందని అనుకోకూడదు, వేడెక్కించాకే తేల్చుకోవాలి. తల పైకి పట్టుకుని, ఒంటిని గోరువెచ్చటి నీళ్లలో ఉంచాను. నీళ్లు తల్లి ఒంటి వేడంత, 38-39 డిగ్రీలు ఉండాలి. థర్మామీటరు పెట్టి చూస్తూ వేడి నీళ్లు కలుపుతూ పోయాను. ఆరేడు నిమిషాలకు నోరు ఒకసారి తెరిచింది. ఇంకో మూడు నిమిషాలకు వెనక కాలు తన్నింది. నా చెయ్యి వణికింది. మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడిచి, చొక్కా లోపల ఛాతీకి ఆనించి అరగంట కూర్చున్నాను. పాలు పట్టే ప్రయత్నం చేయలేదు. చల్లటి ఒంట్లో పాలు అరగవు, పైగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు వెచ్చబడి, గట్టిగా కదులుతున్నప్పుడు గూటి మధ్యలో పెట్టాను. గుర్తుకోసం చెవి లోపల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టాను.

మధ్యాహ్నమే ఇంకో చెక్క బిగించి గడప 15 సెంటీమీటర్లు చేశాను. మల్లి అవలీలగా దూకుతోంది. మొదటి రోజే ఇలా చేసి ఉంటే ఆ పిల్లకు ఈ బాధ తప్పేది.

పుట్టాక 4వ రోజు

చిన్నది పోయింది. నిన్న మిగతావాటిని పక్కకు తీసి, దాన్ని ఒక్కదాన్నే మల్లి కింద పెట్టాను. కొంచెం తాగింది. 36 నుంచి 39 గ్రాములైంది. ఈ రోజు పొద్దున చూస్తే గూట్లోనే, మిగతా ఆరింటి అడుగున, పోయి ఉంది. ఎనిమిది చన్నుల దగ్గర మూడు నిమిషాల్లో పోటీ. బలం లేని పిల్ల ఒక్కరోజు వెనకబడితే మరుసటి రోజు ఇంకా వెనకబడుతుంది. ఈ రోజు ఇంకేం రాయాలనిపించడం లేదు.

పుట్టాక 6వ రోజు

రాత్రంతా మేలుకుని కూర్చున్నాను, పాలివ్వడం కళ్లారా చూడాలని. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఈ రాత్రే.

మూడున్నర దాకా గూట్లో పిల్లలు బొచ్చు అడుగున ముద్దగా ఉన్నాయి. మధ్యలో పెట్టిన థర్మామీటరు 34 డిగ్రీలు చూపిస్తోంది, గదిలో 24. పెద్దల్లా ఒళ్లు వణికించుకుని వేడి పుట్టించుకోలేవు కానీ, మెడ వెనక, భుజాల మధ్య గోధుమరంగు కొవ్వు అనే ప్రత్యేకమైన కొవ్వుతో పుడతాయి. అది కరుగుతూ వేడినిస్తుంది. ఒకదానికొకటి ఆనుకోవడం వల్ల ఆ కొవ్వు పొదుపవుతుంది.

నాలుగు కాకముందే ముద్ద కదిలింది. కళ్లు లేవు, చెవులు లేవు, తల్లి చప్పుడు చేయలేదు. అయినా ఒకటొకటిగా బొచ్చులోంచి పైకి పాకి వచ్చి, పైన తేలి ఆగాయి. వేళ తెలిసినట్టే, నిజంగానే తెలుసు. రోజూ ఒకే సమయానికి పాలు దొరుకుతుంటే పిల్ల ఒంట్లోని గడియారం దానికి కుదురుకుంటుంది, గంట ముందు నుంచే సిద్ధమవుతుంది.

4:40కి మల్లి దూకింది. పిల్లల మీద నాలుగు కాళ్ల మీద నిలబడింది, పడుకోలేదు. ఆరూ వెల్లకిలా తిరిగి, తలలు అటూ ఇటూ కొట్టుకుంటూ బొచ్చులో వెతికి, కొన్ని క్షణాల్లో చన్ను పట్టేశాయి. ఇంత వేగంగా ఎలా దొరుకుతుందో 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో తేల్చి చెప్పారు. తల్లి పాలలో 2-మిథైల్‌బ్యుట్-2-ఈనాల్ అనే ఒక పదార్థం ఉంటుంది, ఆ ఒక్క వాసన తగిలితే చాలు, పిల్ల నోరు తెరిచి పట్టుకుంటుంది. ఎవరూ నేర్పనక్కర్లేదు. మధ్యమధ్య ఒక చన్ను వదిలి ఇంకొకటి పట్టుకుంటున్నాయి. మల్లి కదలకుండా నిలబడి, కళ్లు సగం మూసుకుంది.

మూడు నిమిషాల ఇరవై సెకన్లు. తరవాత నాలుగు పెంటికలు గూట్లో వదిలి, ఒక్క దూకుతో బయటికి. ఎవరూ వేలాడలేదు. గడప పనిచేసింది.

పిల్లలు ఆ తరవాత అన్నీ కలిసి మూత్రం పోశాయి. పోశాక మళ్లీ బొచ్చు తవ్వుకుంటూ కిందికి వెళ్లి ముద్ద అయ్యాయి. తడి పైనే ఉండిపోయింది, అవి పొడిగా అడుగున ఉన్నాయి.

పుట్టాక 7వ రోజు

ఆరు కలిపి 738 గ్రాములు, సగటున 123. పుట్టిన బరువుకు రెట్టింపు దాటాయి. చెవి చుక్క పిల్ల 118. ఒంటి మీద పొట్టి బొచ్చు, మఖ్మల్ గుడ్డలా. ఇప్పుడు రంగులు తెలుస్తున్నాయి: నాలుగు నలుపు, రెండు తెలుపు. చెవి రంధ్రాలు తెరుచుకున్నట్టున్నాయి, చప్పట్లు కొడితే ఉలిక్కిపడ్డాయి.

పుట్టాక 9వ రోజు

ఎండ ఎక్కువ. పిల్లలు ముద్ద విడిపోయి దూరదూరంగా పడుకున్నాయి, అంటే వేడి భరించలేకపోతున్నాయి. గూట్లోంచి సగం బొచ్చు తీసి సంచిలో దాచాను. వచ్చే ఈతలో ఏ తల్లైనా బొచ్చు సరిగ్గా పీక్కోకపోతే పనికొస్తుంది.

పుట్టాక 11, 12

కళ్లు తెరిచాయి. ముందు మూలన సన్నటి చీలిక, సాయంత్రానికి పూర్తిగా. నల్లపిల్లలవి నల్లకళ్లు, తెల్లపిల్లలవి ఎర్రటివి. ఒక తెల్లదానికి ఎడమ కన్ను అతుక్కుపోయింది, అంచున చీము పొక్కు. వదిలేస్తే లోపల చీము నిలిచి చూపు పోతుంది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లలో దూది ముంచి, పొక్కు మెత్తబడేదాకా అద్ది, రెప్పలు మెల్లగా విడదీశాను. రెండు పూటలా చేశాను. రెండో రోజుకు శుభ్రంగా తెరుచుకుంది. పెట్టెలో గడ్డి మొత్తం మార్చేశాను, తడిసిన గడ్డే దీనికి కారణమై ఉండాలి.

పుట్టాక 17వ రోజు

చెవి చుక్క పిల్లే మొదట గడప దాటింది. ఎవరూ లాక్కొచ్చింది కాదు, తనంతట తానే ముందు కాళ్లు గడప మీద వేసి, ఊగి, అవతలికి దొర్లింది. మల్లి వాసన చూసి ఊరుకుంది. వెనక్కి ఎక్కలేకపోతే ఎలా అని పెట్టెను పక్కకు పడుకోబెట్టాను. ఇక గడప అవసరం లేదు.

పుట్టాక 21వ రోజు

సగటు బరువు 340 గ్రాములు. మల్లికి పాలు బాగా ఎక్కువగా ఉండేది ఈ వారంలోనే. మేత, నీళ్లు బాగా పెంచాను. పిల్లలు గడ్డిపోచలు కొరుకుతున్నాయి. తల్లి గూట్లో వదిలే పెంటికలను కూడా నములుతాయి. అమ్మ చూసి తుడిచేయబోతే ఆపాను. గడ్డి అరిగించుకోవడానికి కావలసిన సూక్ష్మజీవులు పిల్లల పేగులకు చేరే దారుల్లో అదొకటి.

ఇప్పుడు పాల కోసం పిల్లలే మల్లి వెంటపడుతున్నాయి. అది పరుగెత్తి పెట్టె మీదికి ఎక్కి కూర్చుంటోంది.

పుట్టాక 35వ రోజు

సగటు 860 గ్రాములు. గిన్నె త్రాసులో నిలవడం లేదు, సంచిలో వేసి తూస్తున్నాను. ఇంకో వారం తల్లి దగ్గరే ఉంచుతాను. పాలు మానే వయసులో పేగులు చాలా సున్నితంగా ఉంటాయి, తొందరపడి విడదీస్తే విరేచనాలు పట్టుకుని ఒక్క రాత్రిలో పోయే పిల్లలుంటాయి. విడదీసేటప్పుడు పిల్లలను కాక తల్లినే వేరే బోనుకు మారుస్తాను. చోటు మారకపోతే వాటికి బెదురు తక్కువ. రాజాను మాత్రం ఇంకా దగ్గరికి రానివ్వడం లేదు. ఈనిన రోజే మళ్లీ చూలు నిలవగల జంతువు ఇది, మల్లికి ఒంట్లో బలం తిరిగి రావాలి.

పెట్టెను బ్రష్షుతో రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టాను. అడుగున పెన్సిల్‌తో రాశాను: గడప 15. అట్ట మార్చాలి. నీళ్లు రెండు గిన్నెలు.